ఒంటిగంట ప్రశ్న

పెళ్ళయి నూట రెండు రోజులైనా కొత్త కోడలికి ఆ ఇంట్లో ఇంకా ప్రతిదీ ముచ్చటగానే ఉంది. వంటింటి కిటికీ రెక్కను కాస్త ఎత్తి పట్టుకుంటే తప్ప మూసుకోకపోవడం ముచ్చట. నాలుగు టూత్‌బ్రష్షులు ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలి నిలబడడం ముచ్చట. మొగుణ్ణి అందరి ముందూ 'మీరు' అని, గది తలుపు వేయగానే 'నువ్వు' అనడం మరీ ముచ్చట. ఎప్పుడైనా నోరు జారి, "నా చార్జరెక్కడ పెట్టావ్?" అని హాల్లోనే అడిగేస్తే, అత్తయ్య వినబడనట్టు గిన్నెలు సర్దేది. ఆ గిన్నెల చప్పుడులో నవ్వు కలిసి ఉంటుందని కోడలికి తెలుసు.

ఆమె ఒక కొరియర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, పార్సెల్ అందలేదని మండిపడేవాళ్ళకి చాటింగులో జవాబులు టైపు చేస్తుంది. 'మీ సహనానికి ధన్యవాదాలు. మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది' అన్న ముక్క రోజుకి నలభైసార్లు ఆమె వేళ్ళ మీదుగా వెళ్తుంది. చదువుకున్న పిల్ల, ఫోనులో తెలియని మూల లేదు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, కారుతున్న కుళాయిని ఒక వీడియో చూసి ఆమే, అద్దాలబ్బాయీ కలిసి బాగుచేశారు. అద్దాలబ్బాయంటే ఆమె మొగుడు. కళ్ళజోళ్ళ కొట్టులో లెన్సులు అరగదీసే పని అతనిది కాబట్టి ఆమె పెట్టుకున్న పేరు అది. కుళాయి బాగైంది గాని ఇద్దరూ తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయ్యారు. ఆ తడవడం కోసమైనా ఇంకో కుళాయి పాడైతే బాగుండునని ఆమెకి రెండు రోజులు అనిపించింది.

అత్తయ్యకి సరుకుల జాబితా నోటితో చెప్పడం నేర్పింది. చెబితే చాలు, ఫోనే రాసుకుంటుంది. ఆ జాబితా ఇంట్లో అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. మర్నాడు అద్దాలబ్బాయి దుకాణం నుంచి ఫోను చేశాడు.

"అమ్మా, ఉప్పు తీసుకున్నాను, సబ్బులు తీసుకున్నాను. ఈ మూడోది 'ఆ మనిషి ఇంకా స్నానానికి లేవలేదు' అని ఉంది. అది కిలో తీసుకోనా, రెండు కిలోలా?"

ఇక మామయ్య. ఆయనకి కోడలు ఒక స్మార్ట్‌ఫోను కొనిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది.

"పాస్‌వర్డనీ, ఓటీపీ అనీ అడిగితే మాత్రం ఎవరికీ చెప్పకండి మామయ్యా. మిగతావంటారా, మీరు వెళ్ళొచ్చిన చోటు ఎలా ఉంది, తెరిచుందా లేదా అని మ్యాపు అడుగుతుంటుంది. దానికి ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు చెప్పింది పదిమందికీ పనికొస్తుంది."

మామయ్య ఒక చిన్న పుస్తకం తీసి, 'ఉన్నదున్నట్టు చెప్పవలెను' అని రాసుకుని కింద గీత గీశారు. పదిమందికీ పనికొస్తుందన్న మాట ఆయనకి బాగా నచ్చింది.

మామయ్య కుట్టు మిషన్ల మెకానిక్కు. నలభై ఏళ్ళుగా అదే పని. అందరూ మాస్టారంటారు. ఇంటికి ఏడు నిమిషాల నడకలో, సందు లోపలికి, ఎనిమిదడుగుల వెడల్పున్న కొట్టు. గోడ నిండా సొరుగులు, సొరుగుల నిండా మరలు, బాబిన్లు, సూదులు. లోపలికి అడుగుపెట్టగానే మిషన్ నూనె వాసన. ఆయన ఏ మిషన్నీ ముందు విప్పరు. "తొక్కమ్మా" అని కళ్ళు మూసుకుని వింటారు. సైకిలు బెల్లు మోగినా, పక్క కొట్టువాళ్ళు దగ్గినా చిరాకు పడతారు. విన్నాక కళ్ళు తెరిచి, జబ్బు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తారు. విప్పి చూస్తే అక్కడే ఉంటుంది. అందుకే కొట్టులోకి వెళ్ళగానే ఫోనుని మూడో సొరుగులో గుడ్డ కింద పెట్టేసేవారు. చెవికి అడ్డమట.

కోడలికి ఆ కొట్టంటే ఇంకో రకం ప్రేమ కూడా. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ మిషను మొరాయిస్తే పట్టుకెళ్ళింది. మాస్టారు లేరు, కొడుకున్నాడు. బాగుచేసి ఇచ్చాడు. నాలుగు రోజులకే మళ్ళీ మొరాయించింది. మళ్ళీ ఇచ్చాడు. నాలుగోసారి మాస్టారే ఉన్నారు. కళ్ళు మూసుకుని విని, "మిషను గుండ్రాయిలా ఉందమ్మా. ఎవరో పంపే ముందు ప్రతిసారీ ఒక మర వదులు చేస్తున్నారు" అని కొడుకు వైపు చూశారు. ఆ రోజు అద్దాలబ్బాయి మొహం చూసి ఆమె నవ్విన నవ్వే ఈ పెళ్ళి దాకా వచ్చింది.

అలాంటి కొట్టుని ఇచ్చేస్తానని ఒక సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ మామయ్య చెప్పారు.

"శనివారం గది ఓనరు వస్తాడు. తాళాలు ఇచ్చేస్తానన్నాను. ఫోను కవర్లమ్మే అతనికి కావాలట."

అద్దాలబ్బాయి కప్పు కింద పెట్టాడు. "అదేంటి నాన్నా, ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి ఏం లేదురా. రెండు నెలలుగా గడప తొక్కినవాళ్ళు లేరు. చేతులు బాగానే ఉన్నాయి, చెవులు బాగానే ఉన్నాయి. జనానికే నేను అక్కర్లేదు."

మాట మామూలుగానే అన్నారు. కాఫీ మాత్రం సగం వదిలేశారు. ఆయన కాఫీ వదిలేయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అత్తయ్య ఆ కప్పు తీస్తూ, "ఇంట్లో కూర్చుంటే నా మిక్సీకి జబ్బులు చెబుతారు, ఇంకేం చేస్తారు" అంది గాని, ఆ వేళాకోళంలో ఉప్పూ కారం లేవు.

మర్నాడు పదకొండింటికి పనిలో విరామం దొరికితే కోడలు కొట్టు దాకా నడిచింది. సందు మొదట్లో రోడ్డు తవ్వి ఉంది, బండ్లు లోపలికి రావడం లేదు. కొట్టులో మామయ్య అట్టపెట్టెల్లోకి సామాన్లు సర్దుతున్నారు. ప్రతి పెట్టె మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం అంటించారు: 'చిన్న మరలు', 'పెద్ద మరలు', 'ఏవో తెలియవు గాని పారేయకూడదు'. ఆ మూడోది ఆమె రెండుసార్లు చదివింది.

"అమ్మాయ్, వచ్చావా. ఈ చీటీ బాగుందా? అడ్డదిడ్డంగా అంటించానా?"

"బాగుంది మామయ్యా" అని, ఊడుతున్న ఒక మూలని బొటనవేలితో నొక్కి వచ్చేసింది.

వస్తూ వస్తూ తమ గది కర్టెన్లు ఏమయ్యాయో కనుక్కుందామని యూనిఫాం అక్క ఇంట్లోకి తొంగి చూసింది. బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది కాబట్టి ఆవిడకి ఆ పేరు. ఆ వీధిలోకి వచ్చి ఆరు నెలలే అయింది. గదంతా నీలం గుడ్డ. మధ్యలో మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"ఏం చెప్పమంటావు చెల్లీ. మిషను పడుకుంది. వంతెన అవతలెక్కడో ఇస్తే పదహారు రోజులు ఉంచుకుని పంపారు. నిన్న వచ్చింది, ఇవాళ మళ్ళీ అదే రోగం. ఎనభై లంగాలు కుట్టాలి. మీ కర్టెన్ల మీద ఒట్టు, చేతికుట్టు వేసైనా ఇస్తాను."

"అంత దూరం ఎందుకు అక్కా, ఈ పక్క సందులోనే మాస్టారున్నారుగా?"

యూనిఫాం అక్క జాలిగా చూసింది. "నీకు తెలీదా? ఆయన పోయారు పాపం."

పది నిమిషాల కిందట పెట్టెలకి చీటీలు అంటిస్తున్న మనిషి.

"ఎవరు చెప్పారు?"

"మ్యాపులో ఉందమ్మా. మా కుట్టుపనివాళ్ళ గ్రూపులో అందరూ అదే అనుకున్నాం. పెద్దాయన, కొట్టు మూతపడిందంటే ఇంకేముంటుంది. ఇదిగో చూడు." ఫోను తీసి చూపించింది. కొట్టు పేరు కింద ఎర్రటి అక్షరాలు: 'శాశ్వతంగా మూసివేయబడింది.' "ఫోను చేద్దామన్నా బోర్డు మీద నంబరు పలకదు."

ఆ నంబరు పాత ల్యాండ్‌లైనుది, ఎప్పుడో మూగబోయింది. రోడ్డు తవ్వాక జనం సందులోకి రాకుండా ముందు ఫోనులో చూసుకుంటున్నారు. చూసినవాళ్ళందరూ అటునుంచటే వెనక్కి.

"అక్కా, ఆయన మా మామయ్య. పొద్దున్న కాఫీలో చక్కెర తక్కువైందని అత్తయ్యతో దెబ్బలాడి మరీ వెళ్ళారు. నిక్షేపంలా ఉన్నారు."

యూనిఫాం అక్క నాలిక్కరుచుకుంది. "అయ్యో, నూరేళ్ళు చల్లగా ఉండాలి. గ్రూపులో దండ వేసిన బొమ్మ కూడా పెట్టాం చెల్లీ."

కొట్టు బతికుండగానే మ్యాపు ఎందుకు చంపేసింది? ఇల్లు చేరేదాకా కోడలు అదే ఆలోచించింది. ఎవరో గిట్టనివాళ్ళు చేసిన పనే అయి ఉంటుందనుకుంది. ఫోను కవర్లవాడేనేమో. వాడెవడో చూసి నాలుగు దులపాలని కూడా అనుకుంది.

మధ్యాహ్నం ఆ ఇంట్లో నలుగురూ కలిసే భోంచేస్తారు. పన్నెండూ నలభై అయిదుకి అత్తయ్య కూరలు కొనుక్కుని కొట్టుకి వెళ్ళి మామయ్యని వెంటబెట్టుకొస్తుంది. లేకపోతే పనిలో పడి తిండి మర్చిపోతారని భయం. అద్దాలబ్బాయి కూడా ఆ సందులోంచే వస్తూ వాళ్ళని కలుసుకుంటాడు. పనిలేని ఈ రెండు నెలల్లోనూ ఆ అలవాటు తప్పలేదు.

ఆ రోజు అందరూ కంచాల ముందు కూర్చోగానే మామయ్య ఫోను టింగుమంది. ఆయన చేయి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చదివి, వేడెక్కిందో లేదో ఇస్త్రీపెట్టెని తాకి చూసినట్టు ఒక్క వేలితో తెరని తాకారు. ఆ వెంటనే అత్తయ్య ఫోను టింగుమంది. ఆవిడా నొక్కింది. ఆ తర్వాత అద్దాలబ్బాయిది.

"ఏంటి మామయ్యా అది?"

"మ్యాపమ్మా. రోజూ ఒంటిగంటకి అడుగుతుంది. పాపం, మర్యాదగానే అడుగుతుంది. 'మీరు ఇప్పుడే వెళ్ళొచ్చిన ఈ కొట్టు తెరిచి ఉందా' అని."

"మీరేం చెబుతారు?"

"లేదని చెబుతాను. భోజనానికి షట్టరు దించే కదా వస్తాను. ఉన్నదున్నట్టు."

"నన్నూ అడుగుతుంది" అంది అత్తయ్య. "ఆయన ఒకటి చెప్పి నేనొకటి చెబితే బాగుండదని నేనూ లేదనే చెబుతాను."

కోడలు మొగుడి వైపు తిరిగింది. అతను కంచంలోకి చూస్తున్నాడు.

"నువ్వు?" అంది. 'మీరు' అనడం మర్చిపోయింది. గిన్నెలు సర్దడానికి అత్తయ్య లేవలేదు.

"నేనూ అంతే. నొక్కినప్పుడల్లా పాయింట్లిస్తున్నాడు. నాకు మూడో లెవెలు వచ్చింది" అని నసిగాడు అద్దాలబ్బాయి. "బ్యాడ్జీ కూడా ఇచ్చాడు."

కోడలికి విషయం ఒక్కసారిగా తెలిసొచ్చింది. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ మామయ్య ఫోను మూడో సొరుగులో గుడ్డ కింద ఉంటుంది. అది అడిగినా వినేవాళ్ళుండరు. బయటికి వచ్చేది ఒంటిగంటకే. రోజుకి మూడు ఫోన్లు, మూడు 'లేదు'లు. మూడు నెలలు. తెరిచి ఉందని చెప్పినవాడు ఒక్కడు లేడు. ఇంటిల్లిపాదీ కలిసి, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, సొంత కొట్టుని మూయించేశారు. ఆ నిజాయితీ పాఠం చెప్పింది ఎవరు? తనే.

ఎర్ర అక్షరాల సంగతి, దండ వేసిన బొమ్మ సంగతి, అంతా చెప్పింది.

"ఇదంతా నా వల్లే మామయ్యా. నేనే మీకు నేర్పాను."

మామయ్య ఫోను అటూ ఇటూ తిప్పి చూశారు.

"నువ్వేం తప్పు నేర్పలేదు తల్లీ. నిజం చెప్పమన్నావు, నేను నిజమే చెప్పాను. తెలివితక్కువ దానిది. భోజనాల వేళ ఒక్కటీ చూసి మనిషి మొత్తం ఇంతేనని తేల్చేసింది." ఆగి, మెల్లగా అడిగారు. "అంటే, జనం నన్ను వద్దనుకోలేదన్నమాట?"

"పోయారనుకున్నారు."

"అదే మేలు" అన్నారాయన, ఎంతో ఊరటగా.

కానీ మాటిచ్చేశారు. శనివారం తాళాలు ఇస్తానని ఓనరుకి చెప్పేశారు. "ఇప్పుడు మ్యాపు దిద్దితే మాత్రం ఎవరొస్తారమ్మా. అలవాటు తప్పిపోయింది" అన్నారు. కోడలు వినలేదు. మ్యాపు దిద్దాలంటే, కొట్టు మనదేనని రుజువుగా మ్యాపువాళ్ళకి ఒక వీడియో పంపాలట: వీధి, బోర్డు, తాళం తీస్తున్న మనిషి, లోపల పనిముట్లు, అన్నీ ఒక్క నిమిషంలో కనబడాలి.

"ఇచ్చేసే కొట్టుకి వీడియో ఎందుకు?" అన్నారు మామయ్య.

"తీయించుకోండి" అంది అత్తయ్య. "ఈ మనిషి ఉన్నాడా లేడా అని నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను, కానీ ఇలా ఊరంతా చాటలేదు."

బుధవారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మామయ్య షట్టరు ముందు నిలబడ్డారు. అద్దాలబ్బాయి ఫోను పట్టుకున్నాడు. మొదటిసారి తీసినది పదకొండు నిమిషాలొచ్చింది. తాళం తీసిన మామయ్య, ఎదుట ఎవరో నేర్చుకోవడానికి వచ్చినట్టు, సూది కింద షటిల్ ఎలా తిరుగుతుందో మొదలుపెట్టి బాబిన్ దాకా వివరించారు. రెండోసారి అంతా కుదిరిందనుకునే సరికి అత్తయ్య మధ్యలోకి వచ్చి ఆయన కాలరు సర్ది, "ఊఁ, ఇప్పుడు తీయండి" అంది. మూడోది పంపారు.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. కోడలు ఆత్రంగా తెరిచింది.

'మీ సహనానికి ధన్యవాదాలు. మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది. అయిదు పనిదినాల్లో తెలియజేస్తాం.'

ఆమె ఆ వాక్యాన్ని అలాగే చూస్తూ కూర్చుంది. రోజూ తను పంపేదే. అందుకున్నవాళ్ళకి ఇలా ఉంటుందన్నమాట. ఆ పూట చాటింగులో పార్సెల్ రాలేదని ఒకావిడ కోప్పడితే, అలవాటైన ముక్క కొట్టబోయి ఆగి, 'కాస్త ఉండండి, నేనే కనుక్కుని చెబుతాను' అని రాసింది.

అయిదు పనిదినాలంటే శనివారం దాటిపోతుంది. మ్యాపు సంగతి అలా ఉంచి, మామయ్య చెవికి పని చూపించాలి. ఎవరికి అవసరమో ఆమెకి తెలుసు. గురువారం ఒకపూట సెలవు పెట్టి యూనిఫాం అక్కకి ఫోను చేసింది.

"మిషను పట్టుకొద్దామంటే ఎలా చెల్లీ, రోడ్డు తవ్వేశారు, స్టాండుతో సహా నేను మోయగలనా?"

"మోయక్కర్లేదు. దాని శబ్దం పంపక్కా."

"శబ్దమా?"

"రికార్డు చేసి వాయిస్ మెసేజ్ పెట్టు. మామయ్య వింటారు."

మొదటి మెసేజ్ వచ్చింది. మామయ్య కొట్టులో, సగం నిండిన అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇందులో ఫ్యానుకి జబ్బుంది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. మిషను వినబడట్లేదు."

కళ్ళు తెరిచి ఒక్కొక్కటీ చెప్పారు, కోడలు టైపు చేసింది. ఫ్యాను ఆపాలి. టీవీ ఆపాలి. ఫోను చేత్తో పట్టుకోకూడదు, మిషను చెక్క మీద గుడ్డ మడత వేసి దాని మీద పెట్టాలి. దారం తీసేసి, మొదట చక్రాన్ని చేత్తో పది చుట్లు మెల్లగా తిప్పాలి. తర్వాత దారం ఎక్కించి గుడ్డ మీద కుట్టాలి.

రెండో మెసేజ్ వచ్చింది. మామయ్య మూడుసార్లు విన్నారు. మూడోసారి ఆయన వేలు మోకాలి మీద తాళం వేసింది, ప్రతి నాలుగో దెబ్బకీ తడబడింది.

"నాలుగు కుట్లకోసారి కింద ఏదో తగులుతోంది. వీడియోలో పిలువు తల్లీ."

తెర మీద యూనిఫాం అక్క కనబడగానే రెండు చేతులూ జోడించింది. "మాస్టారూ, క్షమించాలి, ఆ దండ బొమ్మ నేను పెట్టలేదు."

"బొమ్మ బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది మాస్టారూ."

"అయితే దాచి ఉంచు. ఇప్పుడు సూది కింద రేకుకి రెండు మరలున్నాయి చూడు, విప్పు. బ్రష్షుతో లోపల ఊడ్చు. ఏం వచ్చింది?"

బఠాణీ గింజంత నల్లటి దారపు ఉండ వచ్చింది. వంతెన అవతల పదహారు రోజులు ఉంచుకున్నవాళ్ళకి కనబడనిది.

"అదొక్కటే కాదు. నడక బరువుగా ఉంది. నూనె ఏం పోశావమ్మా?"

యూనిఫాం అక్క వంటింటి వైపు చూసింది.

"ఫరవాలేదు, చెప్పు."

"ఇంట్లో ఉన్నదే మాస్టారూ."

"దాంతో వేపుళ్ళు బాగా వస్తాయి, కుట్టు రాదు. బంకలా పట్టేసింది. కొంచెం కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మిషన్ నూనె చుక్క చుక్క వెయ్యి."

గంట తర్వాత మూడో మెసేజ్ వచ్చింది. మామయ్య ఒక్కసారే విన్నారు. "ఆఁ, ఇదీ నడక" అని, లేచి వెళ్ళి, ఎందుకో ఒక పెట్టె మీది చీటీ గోటితో పీకి, అందులోని చిన్న మరలు మళ్ళీ సొరుగులో పోశారు. కోడలు చూడనట్టు ఫోనులోకి తల దూర్చింది. ఆ సంతోషం మొగుడికి అప్పటికప్పుడు చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది. 'పెద్ద మరలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. చిన్న మరలు ఇంటికొచ్చేశాయి' అని మెసేజ్ పెట్టింది. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలబ్బాయికి అది మూడుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక లెన్సు పక్కన పెట్టేసి ఒక నిమిషం ఊరికే కూర్చున్నాడట.

యూనిఫాం అక్క ఊరుకునే మనిషి కాదు. గ్రూపులో నలభై మూడు మంది కుట్టేవాళ్ళున్నారు. దండ బొమ్మ తీసేయించి, 'మాస్టారు ఉన్నారు. ఫోనులో మిషను శబ్దం విని రోగం చెబుతున్నారు. ఫ్యాను ఆపి పంపండి' అని పెట్టింది.

శుక్రవారం పొద్దున్నకి మామయ్య ఫోనుకి పదిహేడు శబ్దాలు వచ్చి ఉన్నాయి. టకటకలు, కిర్రుకిర్రులు, ఒకటైతే దగ్గులా ఉంది. కొట్టులోకి వెళ్ళాక కూడా మామయ్య ఫోనుని సొరుగులో పెట్టకపోవడం అదే మొదటిసారి. బల్ల మీద గుడ్డ మడత వేసి, దాని మీద ఎదురుగా కూర్చోబెట్టారు. కొన్ని మాటతోనే బాగయ్యాయి. కొన్నింటికి "ఇది చూడాల్సిందే, పట్టుకురా" అన్నారు. సాయంత్రానికి తవ్విన రోడ్డు దాటుకుని, మిషను తల భాగాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని ఇద్దరు వచ్చారు.

అయినా ఆయన ఓనరుకి ఫోను చేయలేదు. రాత్రి అన్నాల దగ్గర అద్దాలబ్బాయి కదిపి చూశాడు.

"రేపటి సంగతేంటి నాన్నా?"

"రేపు రేపే" అన్నారు మామయ్య. కోడలికి ఆ మాట ఏ వైపు ఒరిగిందో అంతుపట్టలేదు.

శనివారం ఆమెకి సెలవు. పదింటికల్లా కొట్టులో ఉంది. పెద్ద మరలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. బల్ల మీద రెండు మిషన్లు, స్టూలు మీద తన వంతు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ. పదకొండున్నరకి ఓనరు వచ్చాడు, గది కొలుచుకోవడానికి చేతిలో టేపు కూడా ఉంది. మామయ్య కళ్ళు మూసుకుని ఫోనులో ఏదో మిషను వింటున్నారు.

"మాస్టారూ, నమస్కారం. ఆ తాళాలు..."

మామయ్య కళ్ళు తెరవకుండా ఒక వేలు పైకెత్తారు. ఓనరు నోరు మూసుకున్నాడు. నిమిషం గడిచింది. ఓనరు చేతిలో టేపు సర్రుమంటూ లోపలికి చుట్టుకుంది.

"ఆ చప్పుడు ఆపండి బాబూ, రోగం వినబడట్లేదు" అంది స్టూలు మీది పెద్దావిడ.

శబ్దం అయిపోయింది. మామయ్య కళ్ళు తెరిచి ఓనరుని చూశారు. జేబులో చేయి పెట్టి తాళాల గుత్తి బయటికి తీశారు. గుత్తిలోంచి ఆయన చిన్న తాళంచెవి ఎంచుకుని, వెనక్కి తిరిగి, విడిభాగాల బీరువా తీసి, ఒక కొత్త షటిల్ తీసుకుని మళ్ళీ వేసేశారు. గుత్తి జేబులోకి వెళ్ళిపోయింది.

"ఏమన్నారు? తాళాలా? ఏమీ అనుకోకండి, మాటిచ్చి తప్పుతున్నాను. వీటితో నాకు పనుంది" అని, ఆ వెంటనే, "మీ ఇంట్లో మిషనుందా? ఎలా నడుస్తోంది?" అన్నారు.

ఓనరు కాసేపు టేపు వైపూ, కాసేపు మిషన్ల వైపూ చూశాడు. "ఉంది. అటకెక్కించాం. కిర్రుమంటుంది."

"దింపి, ఫ్యాను ఆపి, శబ్దం పంపండి."

ఓనరు వెళ్ళగానే కోడలు పెద్ద మరల పెట్టె మీది చీటీ తనే పీకింది. 'ఏవో తెలియవు గాని పారేయకూడదు' అన్న చీటీని మాత్రం భద్రంగా తీసి పర్సులో పెట్టుకుంది.

మంగళవారానికి మ్యాపు ఒప్పుకుంది. ఎర్ర అక్షరాలు పోయాయి, కొత్త నంబరు వచ్చింది. ఇక చిక్కంతా ఒంటిగంట దగ్గర. ఆ ప్రశ్న రాకుండా చేసేస్తానని కోడలంది. లేదా 'అవును' అని నొక్కేయమంది.

"మూసి వచ్చి తెరిచి ఉందని ఎలా చెప్పను? అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పడమేంటి?" అన్నారు మామయ్య. ప్రశ్న ఆపేయడానికీ ఒప్పుకోలేదు. "పదిమందికీ పనికొస్తుందన్నావుగా."

అందుకని ఇప్పుడు భోజనమే కొట్టుకి వస్తోంది. పన్నెండూ నలభై అయిదుకి అత్తయ్యా కోడలూ చెరో కేరేజీ పట్టుకుని బయల్దేరతారు. అద్దాలబ్బాయి వస్తూ మంచినీళ్ళ సీసాలు తెస్తాడు. మిషన్లు ఒక పక్కకి జరిపి, బల్ల మీద కాగితం పరిచి, నలుగురూ మోచేతులు తగిలించుకుంటూ తింటారు. అన్నంలో కాస్త మిషన్ నూనె వాసన కలుస్తుంది. కోడలికి అదీ ముచ్చటగానే ఉంది.

"ఆ మంచినీళ్ళిలా ఇవ్వు" అంది ఒకరోజు మొగుడితో, ఆ వెంటనే తడబడి, "అదే, ఇవ్వండి" అని దిద్దుకుంది.

"అనవే పిల్లా, నువ్వనే అను" అంది అత్తయ్య కేరేజీ గిన్నె ఊడదీస్తూ. "నాకు మొదటి వారం నుంచీ వినబడుతూనే ఉంది. ఎన్నాళ్ళని గిన్నెలు సర్దను."

అప్పుడే టింగుమంది. మామయ్య చేయి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ప్రశ్న చదివారు. నొక్కే ముందు తల తిప్పి, నిలువునా ఎత్తి ఉన్న షట్టరు వైపు ఒకసారి చూసుకున్నారు. అప్పుడు నొక్కారు.